వడగళ్ళు కరిగేలోపు: కారు సొట్టలు, ఇన్సూరెన్స్ లెక్కలు

రెండేళ్ల కింద ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మీద పావుగంట సేపు వడగళ్ళు కురిశాయి. సెల్లార్‌లో చోటు దొరక్క బయట పెట్టిన ఐదారు కార్లకు దెబ్బ తగిలింది. మా పై ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారి కారుకైతే వెనక అద్దం పూర్తిగా రాలిపోయింది. టాప్ మీద, బానెట్ మీద సొట్టలు. మర్నాడు వాళ్లకు వరంగల్‌లో పెళ్లి ఉంది. వెనక అద్దం లేకుండా అంత దూరం ఎలా వెళ్తారు? పొద్దున్నే అద్దాల షాపుకి తీసుకెళ్లి కొత్తది వేయించుకుని, కారు కడిగించుకుని పెళ్లికి వెళ్లొచ్చారు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసింది నాలుగో రోజున.

నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అద్దం బాగానే ఉంది కదా సార్, ఇప్పుడు నన్ను ఏం చూడమంటారు?" అన్నాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు.

వడగళ్ళ విషయంలో మనలో చాలామంది చేసేది ఇదే. కంపెనీకి చెప్పడానికి తాత్సారం చేస్తాం, రిపేరుకి మాత్రం ఉరుకులు పెడతాం. చేయాల్సింది దీనికి తలకిందులు. చెప్పడం ఆ రోజే జరగాలి. రిపేరు ఆగాలి. క్లెయిమ్ డబ్బు తీసుకోవాలా వద్దా అనేది కాస్త నిదానంగా, కాగితం మీద లెక్క వేసుకుని తేల్చుకోవాలి. చెప్పడం, డబ్బు తీసుకోవడం రెండూ ఒకటే అనుకోవడంతోనే గందరగోళం మొదలవుతుంది.

"ఫుల్ ఇన్సూరెన్సే కదా ఉంది?"

ముందు ఈ మాట సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌నే. అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. మన కారు మీద పడిన వడగళ్ళకు అందులో పైసా రాదు. ఓన్ డ్యామేజ్ అనే భాగం ఉంటేనే వస్తుంది. ఆ భాగం ఉంటే మాత్రం పెద్దగా వాదించాల్సిన పని లేదు. వరద, తుఫాను, పెనుగాలి వంటి వాటి సరసన వడగళ్ళను కూడా పాలసీలో పేరు పెట్టి మరీ రాస్తారు.

అసలు తిరకాసు తేదీల్లో ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం మామూలుగా ఏడాదికే ఇస్తారు. షోరూమ్‌లో ఇచ్చిన కాగితం మీద మూడేళ్ల తర్వాతి తేదీ కనిపిస్తుంది, మనం దాన్నే గుర్తుపెట్టుకుంటాం. రెండో ఏడాది ఓన్ డ్యామేజ్ అయిపోయిన సంగతి వడగళ్ళు పడ్డాకే తెలుస్తుంది. అప్పుడు పరుగెత్తి రెన్యూవల్ చేద్దామన్నా కుదరదు. గడువు దాటిన పాలసీకి కంపెనీ ముందు కారును తనిఖీ చేస్తుంది, ఉన్న సొట్టలన్నీ ఫోటోల్లోకి ఎక్కుతాయి, వాటికి కవర్ ఉండదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇంకో చిక్కు. కొన్న 14 రోజుల్లో పాలసీని తమ పేరు మీదకు మార్పించుకోకపోతే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర కంపెనీ తల అడ్డంగా ఊపుతుంది. చిన్న ట్రాలీలు, గూడ్స్ బండ్లు నడిపేవాళ్లు పాలసీలో ఐఎంటీ 23 అనే అంకె ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే బానెట్, బంపర్, లైట్లు, పెయింటు దెబ్బతిన్నా విడిగా డబ్బు రాదు. వడగళ్ళు పడేదే బానెట్ మీద, పోయేదే పెయింటు.

సొట్టే సాక్ష్యం

వడగళ్ళంటే మనకు పంటలే గుర్తొస్తాయి, అది న్యాయమే. మామిడి, వరి, మిర్చి రైతుకి పోయినంత కారున్నవాడికి పోదు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రోడ్లూ పొలాలూ తెల్లటి దుప్పటి పరిచినట్టు కనిపించిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. మార్చి నుంచి మే దాకా నేల బాగా వేడెక్కి, తేమ తోడై, క్యుములోనింబస్ మేఘాలు నిలువుగా పెరుగుతాయి. వాటి లోపల పైకి తన్నే గాలి నీటి బొట్లను గడ్డకట్టే ఎత్తుకి తీసుకెళ్తుంది. గాలి మోయగలిగినంత సేపు గడ్డ పెరుగుతుంది, మోయలేనప్పుడు పడుతుంది. శనగ గింజంత రాయి కారును ఏమీ చేయదు. అంగుళం దాటిన రాయి గంటకు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. పైన ఎగిరే విమానాలకే దీని దెబ్బ తప్పదు. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న విమానం వడగళ్ళలో చిక్కుకుని, ముక్కు భాగం చితికిపోయిన స్థితిలో దిగింది.

ఈ దెబ్బకు ఒక గుర్తు ఉంటుంది, సర్వేయర్ వెతికేది దాన్నే. వడగళ్ళ సొట్ట గుండ్రంగా, లోతు తక్కువగా ఉంటుంది. చాలాసార్లు పెయింటు చెక్కుచెదరదు. టాప్, బానెట్, డిక్కీ మూత వంటి ఆకాశం చూసే చోట్ల గుంపుగా ఉంటాయి. ఏటవాలు గాలి తోడైతే ఒక పక్క డోర్ల మీద కూడా పడతాయి కానీ రెండు పక్కలా పడవు. అదే పార్కింగ్‌లో పక్క కారు డోరు తగిలిన సొట్ట నిలువుగా, గీతలా, పెయింటు లేచి ఉంటుంది. ఆటో గీరిన గీత అడ్డంగా ఉంటుంది. పాత సొట్టలో అయితే దుమ్ము, తుప్పు చేరి ఉంటాయి. ఇవన్నీ రోజూ చూసేవాడికి ఒక్క చూపులో తెలిసిపోతాయి. అందుకే పోయిన సంక్రాంతికి ఊళ్లో గోడకు గీరుకున్న బంపర్‌ను కూడా ఈ లెక్కలో కలిపేద్దామనే ఆలోచన మానుకోవడం మంచిది. రెండు వేర్వేరు రోజుల నష్టం రెండు వేర్వేరు క్లెయిములు. కలిపి అబద్ధం రాస్తే అసలు క్లెయిమ్‌కే ఎసరు వస్తుంది.

మొదటి రోజు పనులు

వాన ఆగగానే నాలుగు రాళ్ళు ఏరి, రూపాయి బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీయండి. అవి కరిగిపోయాక వాటి సైజు ఎవరూ నమ్మరు. రెండు రాళ్ళు డీప్ ఫ్రిజ్‌లో వేసినా నష్టం లేదు, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీయండి. తర్వాత కారు ఉన్న చోటే, కదపకుండా, చుట్టుపక్కల నేల మీద వడగళ్ళు, రాలిన ఆకులు కనిపించేలా దూరం నుంచి ఫోటోలు, ఒక వీడియో తీయండి. నంబర్ ప్లేటు కనిపించాలి. మర్నాడు పేపర్ జిల్లా ఎడిషన్‌లో వడగళ్ళ వార్త పడితే కట్ చేసి పెట్టుకోండి. ఫలానా రోజు ఫలానా చోట పడ్డాయని చెప్పడానికి అంతకంటే తేలికైన కాగితం లేదు.

సొట్టలను ఫోటో తీయడం మాత్రం ఒక విద్యే. మిట్టమధ్యాహ్నం తీస్తే కారు నున్నగా, షోరూమ్‌లోంచి ఇప్పుడే దిగినట్టు కనిపిస్తుంది. కారు తుడిచి, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీయాలి. ఇంకా బాగా రావాలంటే రాత్రి సెల్లార్‌లో ట్యూబ్‌లైటు కింద పెట్టి చూడండి. బానెట్ మీద ట్యూబ్‌లైటు నీడ తిన్నని తెల్లటి గీతలా పడుతుంది. సొట్ట ఉన్న చోట ఆ గీత పాములా వంకర తిరుగుతుంది. మేం మా టాప్ మీద పగలు చూసినప్పుడు తొమ్మిది సొట్టలు లెక్కపెట్టాం, ట్యూబ్‌లైటు కింద ఇరవై మూడు తేలాయి. వర్క్‌షాపులో అనుభవమున్న డెంటర్ చేసేది కూడా ఇదే, కాకపోతే వాళ్ల దగ్గర చారల లైటు బోర్డు ఉంటుంది.

అద్దం పగిలితే పద్ధతి వేరు. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది, అందుకే సాలెగూడులా పగిలినా నిలబడి ఉంటుంది. దాని మీద వైపర్ వేయొద్దు, వేలితో నొక్కి చూడొద్దు. వెనక అద్దం, డోర్ అద్దాలు టఫెండ్ గ్లాసు, ఒక్కసారిగా పటికబెల్లం ముక్కల్లా రాలిపోతాయి. రాలితే ఫోటో తీశాక మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి నీళ్లు లోపలికి పోకుండా చూడాలి. ఇది కారు మీద ప్రేమతో మాత్రమే చెప్పే మాట కాదు. నష్టం ఇంకా పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం యజమాని బాధ్యత అని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఆ రాత్రి వదిలేసి, రెండో వానకు సీట్లు, వైరింగు తడిసి పాడైతే ఆ తడిసిన భాగానికి కోత పెట్టే అవకాశం కంపెనీకి మనమే ఇచ్చినట్టు. ప్లాస్టర్ టేపు మాత్రం నేరుగా పెయింటు మీద గట్టిగా అంటించకండి, తీసేటప్పుడు ఎండకు మెత్తబడిన క్లియర్‌కోట్ కూడా ఊడొస్తుంది.

ఇవయ్యాక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసో, యాప్‌లోనో చెప్పి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. ఎలా జరిగిందని అడిగితే "నిలిపి ఉంది, వడగళ్ళు పడ్డాయి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఫారంలో డ్రైవర్ పేరు గడి ఖాళీగా ఉంది కదా అని బావమరిది పేరు నింపేవాళ్లున్నారు. లేని డ్రైవర్‌ని సృష్టిస్తే ఆయన లైసెన్సు, ఆయన కథ అన్నీ మొదలవుతాయి. ఎవరికీ గాయాలు కాకపోతే, వేరేవాళ్ల ఆస్తి పోకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్లే పని సాధారణంగా ఉండదు.

"వెంటనే" అంటే ఎంత లోపు?

పాలసీలో రాసేది "వెంటనే" అనే. ఒక రోజు ఆలస్యమైతే క్లెయిమ్ గోవిందా అనుకోనక్కర్లేదు. తప్పనిసరి కారణాల వల్ల ఆలస్యమైన నిజమైన క్లెయిములను ఆ ఒక్క కారణంతో తిరస్కరించవద్దని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబర్‌లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. వాహన దొంగతనం కేసులో, పోలీసులకు వెంటనే చెప్పి కంపెనీకి ఆలస్యంగా చెప్పినంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

కాకపోతే ఆ తీర్పు దొంగతనానికి సంబంధించింది, అక్కడ ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. వడగళ్ళకు ఎఫ్‌ఐఆర్ లేదు. ఇక్కడ ఆలస్యం అనే నేరం కంటే ఆలస్యంలో మాయమయ్యే సాక్ష్యమే మన కొంప ముంచుతుంది. మాస్టారి విషయంలో కంపెనీ "నాలుగు రోజులు ఆలస్యం చేశారు" అనలేదు. "పగిలిన అద్దం చూపించండి" అంది.

ఇటు వైపు గడువులున్నట్టే అటు వైపూ ఉన్నాయి. 2024లో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. నష్టం 50,000 రూపాయలకు పైన ఉంటే లైసెన్సున్న సర్వేయరే చూడాలి. చిన్న వాటిని వీడియో కాల్‌లో, ఫోటోలతో తేల్చేయొచ్చు. మన ట్యూబ్‌లైటు ఫోటోలు పనికొచ్చేది అక్కడే.

క్లెయిమ్ తీసుకోవాలా?

ఇప్పుడు లెక్క. మూడున్నరేళ్ల వయసున్న, 1200 సీసీ కారు అనుకుందాం. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్రిసియేషన్ కవర్, అదే జనం బంపర్ టు బంపర్ అనేది, లేదు. వర్క్‌షాపు ఎస్టిమేట్ ఇలా వచ్చిందనుకోండి: కొత్త బానెట్ 8,000, ముందు అద్దం 7,000, ప్లాస్టిక్ సామాను 2,000, డెంటింగ్ కూలి 6,000, పెయింటింగ్ 12,000. మొత్తం 35,000.

ఇనుప భాగాలకు కారు వయసును బట్టి తరుగు తీస్తారు. మూడు నుంచి నాలుగేళ్ల మధ్య అది 25 శాతం, కాబట్టి బానెట్‌లో 2,000 పోయింది. ప్లాస్టిక్, రబ్బరుకు వయసుతో పని లేకుండా 50 శాతం, ఇంకో 1,000. అద్దానికి తరుగు లేదు. కూలికీ లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు సామానుగా లెక్కేసి, అందులో సగం కోస్తారు, అది 1,500. ఆపైన 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా మనం భరించాల్సింది 1,000. పాత బానెట్‌ను తుక్కు కింద లెక్కేసే కొద్దిపాటి మొత్తాన్ని పక్కన పెడితే కంపెనీ 29,500 ఇస్తుంది, మన జేబులోంచి 5,500.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ క్లెయిమ్ డబ్బు తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అవుతుంది. ఈ కారుకి ఇప్పుడు 35 శాతం తగ్గింపు నడుస్తోంది. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు 45, ఆపైన 50. క్లెయిమ్ తీసుకుంటే వచ్చే ఏడు సున్నా, తర్వాత 20, 25, 35, 45 అంటూ మళ్ళీ మెట్లెక్కాలి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం వచ్చే ఏడు 9,000, ఆపైన ఏటా 500 చొప్పున తగ్గుతుందనుకుని ఐదేళ్ల తేడాలు వేస్తే 4,050, 2,550, 2,000, 1,125, 350. మొత్తం 10,075. దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే దాదాపు 11,900.

29,500 కోసం 11,900 వదులుకోవచ్చు, తీసుకోవాల్సిందే. అదే ముందు అద్దం ఒక్కటే పోయిందనుకోండి. 7,000లో 1,000 పోను వచ్చేది 6,000. దానికోసం 11,900 పోగొట్టుకోవడం రూపాయి ఇచ్చి అర్ధరూపాయి తెచ్చుకోవడమే. అంకెలు ఒక్కో కారుకి మారతాయి కానీ లెక్క వేసే తీరు ఇదే. ఆ బోనస్‌ను కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, దాని షరతులు చదువుకోవాలి. కారు మూడేళ్లలో అమ్మేసేవాళ్లు కూడా ఊరట పడాల్సింది లేదు. బోనస్ కారుది కాదు, మనిషిది. కొత్త కారుకూ వెంట వస్తుంది.

"ముందే చెప్పేశాను కదా, ఇప్పుడు వద్దంటే బోనస్ పోదా?" అని అడుగుతారు. డబ్బు తీసుకోకుండా క్లెయిమ్ విరమించుకుంటున్నానని మెయిల్ రాసి, మూసేసినట్టు జవాబు తెప్పించుకుంటే మామూలుగా పోదు. ఆ జవాబు రెన్యూవల్ దాకా దాచుకోండి.

టాప్ కోయనివ్వొద్దు

బానెట్, డోర్లు, డిక్కీ మూత బోల్టులతో బిగించినవి, విప్పి మార్చేయొచ్చు. టాప్ అలా కాదు, బాడీకి వెల్డింగ్ చేసి ఉంటుంది. దాన్ని మార్చాలంటే కోసి అతకాలి. సొట్టల కోసం టాప్ కోయించుకోవడం పంటి నొప్పికి దవడ తీయించుకున్నట్టే. అమ్మేటప్పుడు కొనేవాడి మెకానిక్ మొదట చూసేది ఆ అతుకులే.

పెయింటు లేవని గుండ్రటి సొట్టలకు మంచి దారి ఇంకొకటి ఉంది. లోపలి సీలింగ్ గుడ్డ దించి, వెనక వైపు నుంచి పొడవాటి వంకర ఉక్కు కడ్డీలతో కొంచెం కొంచెంగా నెట్టి రేకును పాత ఆకారానికి తెస్తారు. చెయ్యి దూరని చోట పైనుంచి జిగురు బిళ్ళ అంటించి లాగుతారు. పుట్టీ లేదు, పెయింటు లేదు, కంపెనీ రంగు అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లున్నారు. అయితే సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్‌లో ఇది దానంతట అది రాదు, అడగాలి. సర్వేయర్ ఆమోదం మెయిల్‌లో తీసుకున్నాకే పని మొదలుపెట్టించాలి. అంచుల మీద పడిన సొట్టలకు, పెయింటు పగిలిన వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కొత్త కార్లకు ఒక అదనపు ఖర్చు ఉంటుంది. అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్ళీ సరిచేయాలి, లేకపోతే లేన్ హెచ్చరికలు, ఆటోమేటిక్ బ్రేకు తప్పుగా పనిచేయొచ్చు. ఎస్టిమేట్‌లో ఆ లైను ఉందో లేదో చూసుకోండి, తర్వాత కలపమంటే పేచీ అవుతుంది.

కాదంటే

తిరస్కరించినా, మరీ కోత పెట్టినా కారణం కాగితం మీద అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. పక్కనే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, 155255 నంబర్ ఉన్నాయి. నెల దాటినా జవాబు లేకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానాంకూ కలిపి ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మాస్టారి కథ అంతదాకా పోలేదు. వాళ్లమ్మాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. టెక్సాస్‌లో వడగళ్ళు ఏటా ఉండే గొడవే. వసంతం రాగానే సొట్టలు తీసేవాళ్లు వేరే రాష్ట్రాల నుంచి దిగిపోయి పార్కింగ్ లాట్లలో గుడారాలు వేస్తారు. అక్కడ వడగళ్ళు కొలిజన్ (ఢీకొన్నప్పటి నష్టం) కవర్ కిందికి రావు, కాంప్రహెన్సివ్ కవర్ ఉండాలి. క్లెయిమ్ అందినట్టు కంపెనీ 15 రోజుల్లో చెప్పాలని చట్టం, ఏ షాపులో చేయించుకోవాలో యజమాని ఇష్టం. ఇవన్నీ ఆ అమ్మాయికి కొట్టిన పిండి. వాన పడిన రాత్రే వాళ్లమ్మ పగిలిన అద్దం ఫోటో వాట్సాప్‌లో పంపింది, "చూడు మన కారు గతి" అని. అమ్మాయి వెంటనే "నాన్నా, దేని మీదా చెయ్యి వేయకండి" అని మెసేజ్ పెట్టింది. పెళ్లి హడావుడిలో ఎవరూ చూడలేదు.

సర్వేయర్ ఫైలును ఆదుకున్నది ఆ ఫోటోనే. తేదీ ఉంది, టైము ఉంది, వెనక నంబర్ ప్లేటు ఉంది, సీటు నిండా గాజు ముక్కల మధ్య కరగని వడగళ్ళు ఉన్నాయి. అద్దాల షాపు బిల్లు జతచేసి పంపారు, అద్దానికి డబ్బు వచ్చింది. డోరు మీది ఒక సొట్టను మాత్రం పాతదని కొట్టేశారు. అది పాతదేనని మాస్టారికీ తెలుసు, మాకూ తెలుసు.